ఒర నుంచి చేతికి: సెకండ్ లైఫ్ అవతార్‌కు ఒక ఓరుగల్లు కత్తి

సెకండ్ లైఫ్ అనే కంప్యూటర్ కల్పిత లోకపు మార్కెట్‌లో అవతార్‌కు (అక్కడ మనకు బదులుగా తిరిగే బొమ్మకు) తగిలించే కత్తులు, డాళ్లు, బల్లేలు లెక్కకు మించి దొరుకుతాయి. వాటిలో చాలావాటి చెక్కడం, మెరుగు చూస్తే చేసినవారి ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది. అయితే కత్తి తీయమని ఆజ్ఞ ఇవ్వగానే నడుము దగ్గరి కత్తి మాయమై అరచేతిలో ఇంకొకటి ప్రత్యక్షమవుతుంది. చేయి మాత్రం అప్పటికింకా తొడ పక్కనే వేలాడుతూ ఉంటుంది, లేదా ఒరకు జానెడు దూరంలో గాలిని పట్టుకుంటుంది. నా దృష్టిలో ఆయుధానికి ప్రాణం వచ్చేది అది ఒర విడిచి చేతికి వచ్చే ఆ ఒక్క సెకనులోనే. ఆ సెకను సరిగ్గా కుదిరితే మామూలు కత్తి కూడా కత్తిలా కనిపిస్తుంది, కుదరకపోతే ఎంత అలంకరణ చేసినా అది బొమ్మగానే మిగిలిపోతుంది. హనుమకొండలో మా ఇంటి మేడగదిలో కూర్చుని కాకతీయుల కాలపు పద్ధతిలో ఒక కత్తిని, దానికి తగిన ఒరను తయారు చేస్తున్నప్పుడు నా శ్రమలో ఎక్కువ భాగం ఆ సెకను మీదే వెచ్చించాను. ఇటువంటి పనిలోకి దిగాలనుకునే తెలుగువారికి పనికొస్తుందన్న ఉద్దేశంతో ఆ వివరాలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. సెకండ్ లైఫ్‌ను లిండెన్ ల్యాబ్ అనే అమెరికన్ సంస్థ 2003లో ప్రారంభించింది. అందులో గెలవడానికీ ఓడడానికీ ముందే రాసిపెట్టిన ఆట ఏదీ ఉండదు. ఇళ్లు, బట్టలు, నగలు, ఆయుధాలు అన్నీ అక్కడ నివసించేవారే తయారు చేసుకుంటారు, లిండెన్ డాలర్లకు అమ్ముకుంటారు. మొదట్లో ప్రిమ్ అనే చిన్న చిన్న ఘనాకారాలను అతికించి వస్తువులను కట్టేవారు. 2011లో మెష్ (త్రిభుజాలతో అల్లిన ఆకారం) వచ్చాక బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్‌లో బయట తయారు చేసిన ఆకారాన్ని లోపలికి తెచ్చుకునే వీలు కలిగింది. వస్తువుకు ప్రవర్తన నేర్పడానికి లిండెన్ స్క్రిప్టింగ్ లాంగ్వేజ్ అనే ప్రత్యేకమైన భాష ఉంది. ఆకారం, రంగు, కదలిక, స్క్రిప్టు అనే ఈ నాలుగూ కలిస్తేనే కదిలే ఆయుధం తయారవుతుంది.

ఆకారం కోసం నేను మొదట చూసినవి మన వీరగల్లులు. ఉత్తర తెలంగాణలో ఊరి పొలిమేరల్లో, పాత గుళ్ల ప్రాంగణాల్లో ఇవి ఇప్పటికీ కనిపిస్తాయి. యుద్ధంలో పడిపోయిన వీరుడు కుడిచేత కత్తి, ఎడమచేత డాలు పట్టి నిలబడి ఉంటాడు, కొన్నింటిలో నడుముకు బాకు కూడా ఉంటుంది. రాతిలో చెక్కినవి కనుక వాదర ఎంత పలుచన, పిడికి ఏ తోలు చుట్టారు వంటి వివరాలు అందవు. కానీ కత్తి పొడవుకూ మనిషి చేతికీ ఉన్న నిష్పత్తి, కత్తి పట్టినప్పుడు మోచేయి వంగిన తీరు, మోకాళ్ల మీద బరువు ఆన్చిన తీరు స్పష్టంగా అందుతాయి. నాకు కావలసినవి అవే. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చారిత్రక కత్తి అనగానే చాలామంది వంపు తిరిగిన అలుగు (కత్తి రేకు), పిడి చివర గుండ్రని పళ్లెం ఉన్న తల్వారును పెట్టేస్తారు. ఆ పిడి కాకతీయుల తరువాత వచ్చిన కాలాలది. రుద్రమదేవి పాత్ర ధరించే అవతార్ నడుముకు ఆ తల్వారును వేలాడదీస్తే, పదమూడో శతాబ్దపు మనిషి చేతిలో కొన్ని వందల ఏళ్ల తరువాతి వస్తువును పెట్టినట్టే అవుతుంది. అందుకే నేను నిటారు అలుగును ఎంచుకుని, పిడి చివరను మార్చుకునే వీలు కల్పించాను. ఒక రకానికి వరంగల్ కోటలోని కీర్తి తోరణాల మీది హంస, ఇంకొక రకానికి కాకతీయుల లాంఛనమైన వరాహం, మూడో రకానికి ఏ అలంకారమూ లేని గుండు ఉంటాయి.

అలుగు పైపూత విషయానికి వస్తే, మన ప్రాంతానికి ప్రపంచ చరిత్రలో ఉన్న స్థానాన్ని గుర్తు చేసుకోకుండా ముందుకు వెళ్లలేను. డమాస్కస్ కత్తులుగా పేరు పొందిన వాటికి వాడిన మూస ఉక్కు తయారైన చోట్లలో నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం, నిర్మల్ పరిసరాలు ముఖ్యమైనవి. ఆ ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు కోనసముద్రం దాకా వచ్చేవారు. హెన్రీ వోయ్సే అనే ఆంగ్లేయుడు పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల్లో అక్కడి కొలుములను చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఇనుమును మట్టి మూసల్లో మూసి, ఎక్కువ వేడి మీద కరిగించి, నెమ్మదిగా చల్లారనిచ్చేవారు. ఒకటి నుంచి రెండు శాతం దాకా కర్బనం ఉండే ఆ ఉక్కును జాగ్రత్తగా సాగగొడితే లోపలి కార్బైడ్ రేణువులు వరుసలు కడతాయి. ఆమ్లంతో తుడిచినప్పుడు ఆ వరుసలే నీటి అలల్లాంటి చారలుగా పైకి తేలతాయి.

ఈ విషయం తెలిసి ఉంటే కంప్యూటర్ తెర మీద చేసే పని కూడా మారుతుంది. చాలామంది ఆ అలలను నలుపు తెలుపు గీతలుగా అలుగు రంగులోనే కలిపేస్తారు, దానితో అది గీతలు అచ్చు వేసిన రేకులా కనిపిస్తుంది. నిజమైన ఉక్కులో రంగు తేడా కంటే వెలుతురును తిప్పి పంపే తీరులో తేడా ఎక్కువగా ఉంటుంది. సెకండ్ లైఫ్‌లో 2023 చివర్లో వచ్చిన కొత్త మెటీరియల్ పద్ధతిలో రంగుకు ఒక చిత్రం, లోహత్వానికీ గరుకుదనానికీ ఒక చిత్రం, ఉబ్బెత్తుకు ఇంకొక చిత్రం విడివిడిగా ఇవ్వవచ్చు. నేను అలలను రంగులో లీలగా మాత్రమే ఉంచి, గరుకుదనం చిత్రంలో బలంగా పెట్టాను. అవతార్ కదలకుండా నిలబడి ఉన్నప్పుడు అలుగు సాదాగా, బూడిద రంగులో కనిపిస్తుంది. కత్తి తిప్పినప్పుడు మాత్రం సూర్యుడి వెలుగు అలుగు మీదుగా పారుతూ అలలను ఒక్కొక్కటిగా పైకి తెస్తుంది. కదలికకు ప్రాధాన్యం ఇచ్చే ఆయుధానికి ఇంతకంటే తగిన పూత ఉండదని నా నమ్మకం.

పిడికి పెంబర్తి ఇత్తడి పనిని, ఒరకు కరీంనగర్ వెండి తీగ పనిని ఆధారంగా తీసుకున్నాను. పెంబర్తిలో రేకును వెనుక నుంచి కొట్టి ముందుకు ఉబ్బేలా చేస్తారు. కాబట్టి ఆ పూలూ లతలూ మెష్‌లో నిజంగా చెక్కనవసరం లేదు, ఉబ్బెత్తు చిత్రంలో పెడితే సరిపోతుంది. వెండి తీగ పని మాత్రం అంత తేలికగా లొంగలేదు. సన్నని తీగల మధ్య ఖాళీలు కనిపించాలంటే పారదర్శకత కావాలి. సెకండ్ లైఫ్‌లో పారదర్శకత రెండు విధాలు. బ్లెండింగ్ పద్ధతిలో అంచులు మెత్తగా వస్తాయి కానీ, అవతార్ జుట్టు లేదా చీర కొంగు వంటి మరో పారదర్శక వస్తువు దగ్గరికి రాగానే ఏది ముందుందో, ఏది వెనకుందో వ్యూయర్ (సెకండ్ లైఫ్‌ను తెర మీద చూపే ప్రోగ్రాం) తేల్చుకోలేక ఒరలోంచి కొంగు తొంగిచూస్తుంది. మాస్కింగ్ పద్ధతిలో ప్రతి చుక్కా ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, అందువల్ల ఈ గొడవే రాదు. అంచు కొద్దిగా గరుకుగా వచ్చినా తీగ పనికి మాస్కింగే వాడాలి. నడుము దగ్గర చీర కొంగో, ఉత్తరీయమో తప్పక ఉండే మన వేషాలకు ఇది మరీ ముఖ్యం.

దూరం నుంచి చూసినప్పటి సంగతి కూడా చెప్పి ముందుకు వెళ్తాను. మెష్‌కు వివరాల స్థాయులు నాలుగు ఉంటాయి. చూసేవారు దూరం జరిగిన కొద్దీ తక్కువ త్రిభుజాలున్న రూపం కనిపిస్తుంది, ఆ మార్పు ఎంత దూరంలో జరుగుతుందన్నది వస్తువు పరిమాణాన్ని బట్టి ఉంటుంది. పిడి గుండును విడి ముక్కగా అతికిస్తే, అది చిన్నది కనుక నాలుగడుగులు వెనక్కి వేయగానే చెదిరిపోతుంది, పొడవైన అలుగు మాత్రం నిలిచి ఉంటుంది. అలుగునూ పిడినీ ఒకే మెష్‌గా కలిపేస్తే రెండూ కలిసే నిలుస్తాయి.

ఇక అసలు విషయం. ఒరను అవతార్‌కు ఎక్కడ తగిలించాలి? ఎడమ తుంటి అనే తగిలింపు స్థానం ఉంది కదా అని అందరూ దాన్నే ఎంచుకుంటారు. ఆ స్థానం తొడ ఎముకకు కట్టుబడి ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా ఒర కాలితో పాటు ముందుకూ వెనక్కూ ఊగుతుంది, కూర్చుంటే తొడతో పాటు లేచి కడుపు వైపు తిరుగుతుంది. నడికట్టులో దోపుకున్న ఒర అలా ప్రవర్తించదు. పెల్విస్ అనే స్థానానికి తగిలించి, ఎడమ పక్కకు జరిపి, మొనను కొద్దిగా వెనక్కి వంచితే ఒర నడుముతో పాటే తిరుగుతుంది. నడకలో కాలికి కొంచెం తగులుతున్నట్టు కనిపించినా దాన్నే ఎంచుకోవాలని నా సలహా. ఎందుకంటే కత్తి తీసేటప్పుడు చేయి వెతుక్కుంటూ వెళ్లే చోటు ఎప్పుడూ ఒక్కటే అయి ఉండాలి.

కత్తి తీసే కదలికను నేను వరంగల్ కరీమాబాద్‌లో ఒక పెద్దాయన దగ్గర చూసి నేర్చుకున్నాను. వయసులో ఉన్నప్పుడు కత్తిసాము, కర్రసాము చేసిన మనిషి. ఇప్పుడు కాళ్లు సహకరించకపోయినా భుజాలు మాత్రం ఇంకా మాట వింటాయి. ఒక పొడవాటి కర్రను నడికట్టులో దోపుకుని చూపిస్తుంటే, ఆయన అనుమతితో పక్క నుంచి, ముందు నుంచి ఫోన్‌లో వీడియో తీసుకున్నాను. "తాతా, చెయ్యి ఒకసారి మెల్లగ తియ్యరాదే" అని నేను అడిగితే, "చెయ్యి సంగతి తర్వాత బిడ్డా, మునుపు నడుం సూడు. నడుం తిరగకుంట చెయ్యి గుంజితే కత్తి సగంల ఆగిపోతది" అన్నారు. వీడియోను ఒక్కొక్క ఫ్రేమ్‌గా ఆపి చూస్తే ఆయన మాటలోని నిజం కళ్లకు కట్టింది. మొదట ఎడమ అరచేయి వచ్చి ఒర నోటి దగ్గర బిగుస్తుంది. అదే సమయంలో నడుము కొద్దిగా ఎడమకు తిరిగి, కుడి భుజాన్ని ఒర వైపు తెస్తుంది. కుడిచేయి పిడిని అందుకున్న తరువాత నడుము కుడివైపుకు తిరగడం మొదలవుతుంది, అప్పుడు కూడా మోచేయి ఇంకా కదలదు. ఎడమచేయి ఒరను వెనక్కి లాగుతుంటే కుడిచేయి కత్తిని ముందుకు తెస్తుంది. అంటే కత్తి ఒర నుంచి బయటికి రావడమూ, ఒర కత్తి నుంచి వెనక్కి జరగడమూ ఏకకాలంలో జరిగే పని. మార్కెట్‌లోని యానిమేషన్లలో ఎడమచేయి ఊరికే వేలాడుతుండటమే అవి నిర్జీవంగా ఉండటానికి మొదటి కారణం.

నిలబడే భంగిమకు పేరిణి నుంచి కొంత తీసుకున్నాను. యుద్ధానికి వెళ్లే ముందు వీరులు చేసేదిగా సంప్రదాయం చెప్పే ఈ నృత్యాన్ని నటరాజ రామకృష్ణ గారు మన కాలంలో మళ్లీ వెలుగులోకి తెచ్చారు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన పాలంపేట రామప్ప గుడి శిల్పాలు అందుకు ప్రేరణగా నిలిచాయి. మోకాళ్లు పక్కలకు వంచి, నడుమును కిందికి దింపి, ఛాతీ నిటారుగా ఉంచే ఆ నిలుపు కత్తి పట్టిన అవతార్‌కు చక్కగా నప్పుతుంది. అయితే నృత్యంలోని విస్తారమైన చేతి విసుర్లను కత్తి దెబ్బల్లోకి తేలేదు. నృత్యంలో చేయి చూసేవారి కోసం తెరుచుకుంటుంది, పోరులో చేయి శరీరాన్ని కాపాడుతూ మూసుకుని ఉంటుంది. రెంటినీ కలిపితే రెండూ చెడతాయి.

ఈ కదలికను బ్లెండర్‌లో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున 36 ఫ్రేముల్లో కూర్చాను. సెకండ్ లైఫ్‌కు బీవీహెచ్ (కీళ్ల కదలికలను నమోదు చేసే) ఫైలుగా పంపేటప్పుడు తెలుసుకోవలసిన ముఖ్యమైన విషయం ఒకటుంది. ఫైలులోని మొదటి ఫ్రేమును అది ఆధారంగా మాత్రమే తీసుకుంటుంది, ఆ ఫ్రేముతో పోలిస్తే ఎక్కడా మారని కీళ్లను అసలు పట్టించుకోదు. ఈ లక్షణాన్ని మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. కత్తి పట్టుకుని ఉండే భంగిమలో కుడి భుజం, మోచేయి, మణికట్టు, వేళ్లు మాత్రమే కదిలేలా చేసి, మిగతా శరీరాన్ని మొదటి ఫ్రేములో ఉన్నట్టే వదిలేస్తే, అవతార్ నడుస్తున్నా పరుగెత్తుతున్నా కాళ్ల కదలిక దాని దారిన అది సాగుతుంది, కత్తి చేతిలోనే ఉంటుంది. ప్రతి యానిమేషన్‌కూ ప్రాధాన్య సంఖ్య ఒకటి ఇవ్వాలి. చాలామంది నిలుచునే తీరును, నడిచే తీరును మార్చే ఏఓ అనే సాధనాన్ని ధరించి తిరుగుతారు కనుక, అందులోని యానిమేషన్లను దాటి మన చేయి నిలబడాలంటే పట్టు భంగిమకు 4 ఇవ్వడం మేలు.

వేళ్ల విషయం విడిగా చెప్పుకోవాలి. 2016 చివర్లో బెంటో అనే విస్తరించిన అస్థిపంజరం రావడంతో చేతికి 15 చొప్పున రెండు చేతులకూ కలిపి 30 వేలి ఎముకలు వచ్చాయి. అంతకుముందు అప్‌లోడ్ చేసేటప్పుడు పిడికిలి అనో, చాచిన చేయి అనో జాబితాలోంచి ఒకటి ఎంచుకోవడమే ఉండేది. ఇప్పటి మెష్ చేతులపై ఆ ఎంపిక పని చేయదు, ప్రతి వేలినీ మనమే మడవాలి. ఇక్కడ శ్రద్ధ పెడితే ఫలితం వెంటనే కనిపిస్తుంది. కత్తిని బాగా పట్టిన చేతిలో చిటికెన వేలూ ఉంగరపు వేలూ గట్టిగా బిగిసి ఉంటాయి, చూపుడు వేలు కొద్దిగా వదులుగా పిడి మీద ఆనుకుంటుంది, బొటనవేలు ఏటవాలుగా ముందుకు పడుతుంది. ఐదు వేళ్లనూ ఒకేలా ముడిచేస్తే చేయి కత్తిని పట్టుకున్నట్టు ఉండదు, మోటార్ సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు స్క్రిప్టు. ఒరలో ఉన్న కత్తి, చేతిలో ఉన్న కత్తి రెండు వేరువేరు వస్తువులు, రెండూ ఎప్పుడూ ధరించే ఉంటాయి. ఒరలోది కనిపిస్తుంటే చేతిలోది పూర్తిగా పారదర్శకంగా ఉంటుంది, కత్తి తీయగానే రెండూ పాత్రలు మార్చుకుంటాయి. కంట్రోల్, ఆల్ట్, టీ మీటలు కలిపి నొక్కితే కనిపించని కత్తి ఎరుపు రంగులో బయటపడుతుంది, తయారు చేసేటప్పుడు సరిచూసుకోవడానికి ఇది బాగా ఉపయోగపడుతుంది. నా యానిమేషన్‌లో కుడిచేయి పిడిని పూర్తిగా బిగించే ఘడియ 14వ ఫ్రేము, అంటే మొదలైన దాదాపు అర సెకనుకు. యానిమేషన్ మొదలుపెట్టిన ఒర స్క్రిప్టు సరిగ్గా అంత సమయం ఆగి తన కత్తిని దాచుకుని, చేతిలోని వస్తువుకు కనిపించమని కబురు పంపుతుంది. విడివిడిగా ధరించిన వస్తువుల మధ్య అంతర్గత సందేశాలు వెళ్లవు కనుక, ఆ కబురు ఒక రుణ సంఖ్య గల చానెల్‌లో (స్క్రిప్టులు కబుర్లు వినే మార్గంలో), నేరుగా ధరించినవారికే చేరేలా వెళ్లాలి. అందుకున్న స్క్రిప్టు పంపిన వస్తువు యజమానీ తన యజమానీ ఒకరేనా అని తప్పక సరిచూడాలి. ఈ ఒక్క పరీక్ష లేకపోతే ఇతరుల వస్తువులు అదే చానెల్‌లో పంపే కబురుకు కూడా మన కత్తి బయటికి వచ్చే ప్రమాదం ఉంది.

ఇండియా నుంచి ఆడేవారికి సమయం గురించి ఒక సందేహం ఉంటుంది. సర్వర్లు అమెరికాలో ఉన్నాయి, మన దగ్గరికి ప్రతి కబురూ ఆలస్యంగానే చేరుతుంది. అయితే యానిమేషన్ మొదలవడమూ, కత్తి మాయమవడమూ రెండూ అదే దూరం ప్రయాణించి వస్తాయి కనుక వాటి మధ్య ఎడం పెద్దగా మారదు. అసలు చిక్కు మొదటిసారి తీసినప్పుడు వస్తుంది. యానిమేషన్ ఫైలు చూసేవారి కంప్యూటర్‌లోకి అప్పటికింకా దిగి ఉండదు, అది దిగేలోపు కత్తి చేతికి వచ్చేస్తుంది. దీనికి ఒక మందు ఉంది. ఆయుధాన్ని ధరించగానే స్క్రిప్టు ఆ యానిమేషన్‌ను ఒక్క క్షణం నడిపి ఆపేయాలి. ఒర నోటి ఇత్తడి మీద అలుగు రాసుకునే శబ్దాన్ని కూడా ముందే దించి ఉంచమని అప్పుడే చెప్పాలి. ధరించిన వస్తువు యానిమేషన్ అనుమతి, కీబోర్డు అనుమతి అడిగితే యజమానికి ప్రశ్న కనబడకుండానే అవి మంజూరవుతాయి కనుక, ఈ ఏర్పాటు ఎవరికీ అడ్డు కాదు. దెబ్బలకు వచ్చేసరికి, మౌస్‌లుక్‌లో (అవతార్ కళ్లతో చూసే పద్ధతిలో) మౌస్ ఎడమ మీటకు బాణం మీటలను జత చేశాను. ముందుకు నొక్కితే పొడుపు, ఎడమకు నొక్కితే అడ్డంగా నరకడం, వెనక్కి నొక్కితే, డాలు పూర్తయ్యాక, దాని వెనుక ఒదగడం.

తెలుగులో మెనూ పెట్టాలన్న పట్టుదల నాకు ఉంది. అందుకోసం కొంత లెక్క వేయక తప్పలేదు. స్క్రిప్టు తెరిచే డైలాగ్‌లో గరిష్ఠంగా 12 బటన్లు ఉంటాయి, ఒక్కో బటన్ మీది మాట 24 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ, వత్తు ఇచ్చే హలంతానికీ మూడేసి బైట్లు కావాలి. కాబట్టి మన చేతిలో ఉన్నవి ఎనిమిది గుర్తులు మాత్రమే. "కత్తి తీయి" అని రాస్తే చూడటానికి నాలుగే అక్షరాలు, లెక్క మాత్రం 28 బైట్లు. స్క్రిప్టు అక్కడే దోషం చూపుతుంది. "తీయి" అంటే 12 బైట్లు. "ఒరలో పెట్టు" 31 బైట్లు, "పెట్టు" ఒక్కటే అయితే 18. అందుకని క్రియలను ఒంటరిగా ఉంచి, దేని గురించో పైన ఉండే సందేశంలో పూర్తి వాక్యంగా రాశాను. అక్కడ చోటు ధారాళంగా ఉంటుంది. చాట్‌లో టైపు చేసేవారికి ఈ ఇబ్బంది లేదు. చానెల్ సంఖ్య తరువాత తెలుగులో ఆజ్ఞ రాసినా స్క్రిప్టు చక్కగా అందుకుంటుంది.

కొన్నవారు తమకు తగ్గట్టు మార్చుకోగలగడం నా దృష్టిలో అలంకారం కంటే ముఖ్యమైనది. అవతార్లు ఒక్కొక్కరివి ఒక్కో కొలత. చాలామంది ఆరున్నర అడుగులు దాటి ఉంటారు, చేతుల పొడవు, నడుము వెడల్పు స్లైడర్లతో మారిపోతుంటాయి. నా శరీరానికి సరిగ్గా పిడి మీద పడే చేయి ఇంకొకరి శరీరానికి నాలుగు వేళ్ల ఎడంగా పడుతుంది. దీనికోసం మెనూలో "నిలుపు" అనే బటన్ పెట్టాను. దాన్ని నొక్కితే అవతార్ సరిగ్గా ఆ 14వ ఫ్రేము భంగిమలో బిగుసుకుపోతుంది, రెండు కత్తులూ ఒకేసారి కనిపిస్తాయి. యజమాని ఎడిట్ కిటికీ తెరిచి ముందు చేతిలోని కత్తిని అరచేతిలో సరిగ్గా కూర్చోబెట్టి, తరువాత ఒరను జరిపి, లోపలి కత్తి చేతిలోని కత్తి మీద ఒదిగేలా సర్దుకోవాలి. రెండూ ఒకదాని మీద ఒకటి సరిపోయాయంటే ఇక కత్తి తీసేటప్పుడు ఆ మార్పు ఎవరి కంటికీ ఆనదు. ఈ సర్దుబాటు కుదరాలంటే కత్తి ఎముకలకు కట్టిన మెష్ కాకుండా మామూలుగా తగిలించే మెష్ అయి ఉండాలి, మార్పు అనుమతి ఇచ్చి ఉండాలి. ఎడమచేతి వాటం వారికి యానిమేషన్లన్నీ అద్దంలో తిప్పినట్టు తిరగేసి మరో జత ఇచ్చాను. వీరగల్లుల్లో ఎడమచేతి వీరులు నాకు కనబడలేదు కానీ, కొనేవారిలో మాత్రం వారు తప్పకుండా ఉంటారు.

చుట్టుపక్కలవారికి భారం కాకుండా చూసుకోవడం కూడా తయారీదారు బాధ్యతే. ప్రతి అవతార్‌కూ వ్యూయర్ ఒక సంక్లిష్టత సంఖ్యను లెక్క కడుతుంది, చూసేవారు పెట్టుకున్న హద్దు దాటితే ఆ అవతార్ వారికి వివరాలు లేని ఒట్టి ముద్దగా కనిపిస్తుంది. నిప్పురవ్వలు, మెరుపులు, కదిలే టెక్స్చర్లు అదేపనిగా అతికించిన కత్తులు ఇందుకు తరచుగా కారణమవుతాయి. కోనసముద్రం ఉక్కుకు నీలి మంటలు అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. పరిమాణం మార్చే స్క్రిప్టు పని అయిపోగానే తనను తాను తొలగించుకునేలా రాశాను. ఎదుటివారిని తోసేసే ఫంక్షన్లు పెట్టలేదు, ఎందుకంటే చాలా ప్రాంతాల్లో అవి నిషిద్ధం. అలంకారం కోసం కత్తి ధరించి ఒక పెళ్లికో, పండుగ వేడుకకో వెళ్లే మనిషిని స్థలం యజమాని బయటికి పంపించే పరిస్థితి రాకూడదు.

పరీక్షలన్నీ అదితి మీద చేయమని కొత్తవారికి చెబుతాను. సెకండ్ లైఫ్ ప్రధాన గ్రిడ్ పేరు అగ్ని, ప్రయోగాల గ్రిడ్ పేరు అదితి. అదితిలో అప్‌లోడ్‌కు అయ్యే లిండెన్ డాలర్లు అసలైనవి కావు. అగ్నిలో ఒక యానిమేషన్‌కు మామూలుగా 10 లిండెన్ డాలర్లు, మన లెక్కలో మూడు నాలుగు రూపాయలు పడుతుంది. ఒక్కదానికైతే అది చిన్న మొత్తమే. కానీ మణికట్టు కోణం రెండు డిగ్రీలు మార్చిన ప్రతిసారీ మళ్లీ ఎక్కించాలి కనుక చివరికి చేతికి తగులుతుంది. సొంత కంప్యూటర్‌లోనే ఓపెన్‌సిమ్యులేటర్ పెట్టుకుంటే అదీ ఉండదు, అందులోనూ చాలావరకు ఇదే స్క్రిప్టు భాష నడుస్తుంది.

కత్తిని అమ్మకానికి పెట్టేటప్పుడు నకలు, మార్పు అనుమతులు రెండూ ఇస్తున్నాను, బదిలీ అనుమతి మాత్రం ఇవ్వడం లేదు. పిడి, ఒరల టెక్స్చర్ మూసలను కూడా జత చేస్తున్నాను. నిర్మల్ కొయ్య బొమ్మల రంగులతోనో, చేర్యాల నకాషీ బొమ్మలతోనో తమ ఒరను తామే చిత్రించుకోదలచినవారు గింప్ అనే చిత్రాలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఆ మూసను తెరిచి పని మొదలుపెట్టవచ్చు. ప్రస్తుతం డాలు మీద పని చేస్తున్నాను. ఎడమచేయి ఒర నోటిని పట్టుకోవాలి కనుక కత్తి తీసే సమయంలో డాలు వీపు మీద ఉండాలి, ఆ తరువాతే ముంజేతికి రావాలి. ఈ రెండో మార్పిడికి మరో 20 ఫ్రేములు పడుతున్నాయి, డాలు పట్టీలోకి మోచేయి దూరే ఘడియ ఇంకా నాకు తృప్తినిచ్చేలా కుదరలేదు. అది కుదిరాక ఆ ఫైళ్లను ఇప్పటికే కత్తి తీసుకున్నవారికి విడిగా డబ్బు అడగకుండా పంపిస్తాను.